యలమందయ్య చెల్లెలు ఓడెక్కింది

మే 9, 2004. నల్లపాడు

పాస్‌పోర్టు వచ్చింది. ఫోటోలో ఎవరినో తిట్టబోతున్నట్టున్నాను. త్రినాథ్ మాస్టారు చూసి నవ్వారు. "కోటేశ్వరీ, ఈ మొహంతో నిన్ను దేశం దాటనిస్తారంటావా?" అన్నారు.

మా ఆర్కెస్ట్రా ఎప్పుడూ వినుకొండ దాటి వెళ్ళిందే తక్కువ. మాస్టారిది కీబోర్డు, మాబుది డోలక్కు, పాటలు నేనూ భానుశ్రీ. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, ఎలక్షన్లలో మీటింగ్ మొదలయ్యేదాకా జనాన్ని కూర్చోబెట్టే పాటలు. అలాంటి మమ్మల్ని సింగపూర్ దాకా తీసుకెళ్ళి, అక్కడ ఓడ ఎక్కించి, సముద్రం మీద పాడమంటున్నారు. ఒక పురుగుమందుల కంపెనీ తన డీలర్లకి టూరు పెట్టింది. సాయంత్రాలు తెలుగు పాటలు ఉండాలట.

కంపెనీ పేరు చెప్పి మాస్టారు నా వైపు చూశారు. "వద్దంటే చెప్పమ్మా. ఇంకెవర్నైనా చూసుకుంటాను" అన్నారు.

వస్తానన్నాను. నేను వెళ్ళేది పాడటానికి. మందులతో నాకేం పని?

మే 13

వదినకి ఫోన్ చేశాను. ఓడ సంగతి చెప్పాను. ఆ ఓడ ఎక్కిస్తున్నది ఎవరో చెప్పలేదు.

మే 19. చెన్నై

విమానాశ్రయంలో డీలర్లందరికీ పసుపు టోపీలు ఇచ్చారు.

అతనున్నాడు.

మే 20. సింగపూర్

నిన్న ఒక్క ముక్క రాసి మూసేశాను. ఈ రోజు రాస్తాను. ఓడ కదలడానికి ఇంకా టైముంది. భానుశ్రీ కిటికీకి అతుక్కుపోయింది. కింద రేవులో పెట్టెలు మోసే క్రేన్లు చూసి, మిర్చియార్డులో ఇలాంటిది ఒకటుంటే హమాలీల నడుములు నిలబడేవి అంటోంది.

అతని పేరు వేణుగోపాల్. అద్దంకిలో ఎరువులు, పురుగుమందుల షాపు. ఆరేళ్ళ కిందట, పత్తి మొత్తం పచ్చపురుగు తినేసిన ఏడు, మా యలమందన్నయ్య అతని దగ్గర ఈ కంపెనీ పేరున్న మందే తెచ్చి కొట్టాడు. పురుగు చావలేదు. మళ్ళీ తెచ్చి కొట్టాడు. కాయలోంచి పురుగులు తల బయటపెట్టి చూశాయే తప్ప కింద పడలేదు. మిగిలిన డబ్బా పట్టుకుని షాపుకి వెళ్ళాడు.

"ఇది నకిలీ మందు" అన్నాడట అన్నయ్య, జనంలో.

"నకిలీదైతే నువ్వు తాగి చూపించరా! పురుగే చావనప్పుడు నీకేమవుతుంది?" అన్నాడట వేణుగోపాల్.

అన్నయ్య పౌరుషం మనిషి. అక్కడే మంచినీళ్ళ కుండ పక్కనున్న గ్లాసు తీసుకున్నాడు. మందు నీళ్ళలో కలిస్తే పాలలా తెల్లబడుతుంది. షాపు నిండా మనుషులున్నారు. అతను గల్లా ముందు కూర్చునే ఉన్నాడు. లేవలేదు. చెయ్యి అడ్డం పెట్టలేదు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పినవాళ్ళు మర్నాడు పోలీసుల ముందు ఏమీ చూడలేదన్నారు. తాగొచ్చి, తనంతట తనే మందు తాగాడని వేణుగోపాల్ చెప్పాడు. అదే నిలబడింది. అన్నయ్య జన్మలో కల్లు కూడా ముట్టలేదు. నేను షాపుకెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాను. విదిలించుకుని, "ఈ పిచ్చిదాన్ని బయటికి లాగండ్రా" అన్నాడు. నా మొహంలో మొహం పెట్టి అన్నాడు.

నిన్న నా పక్కనుంచే నడిచి, నా పెట్టె తగిలితే "సారీ అమ్మా" అన్నాడు.

గుర్తుపట్టలేదు.

మే 21. ఓడ మీద

ఓడంటే ఊరే. లిఫ్టులు, హోటళ్ళు, కొలను, బట్టల షాపులు. మాబు పొద్దున్నే తప్పిపోయాడు. ఏ అంతస్తు నొక్కినా ఒకేలాంటి తివాచీ, ఒకేలాంటి తలుపులు. చివరికి వంటవాళ్ళ మెస్సులో దొరికాడు. అక్కడ ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు బల్ల మీద దరువేస్తుంటే వీడూ కలిశాడట. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు గానీ, వాడు మూడు అరటిపళ్ళు, ఒక స్నేహితుడితో తిరిగొచ్చాడు.

సాయంత్రం మొదటి ప్రోగ్రాం. ఎర్ర పరదాలు, అద్దంలా మెరిసే స్టేజి. గొంతు బాగా పలికింది. నేను అతని వైపు చూడలేదు. అతను ముందు నుంచి రెండో వరసలో, ఎడమ చివర, నీలం చొక్కాతో కూర్చున్నాడు.

ప్రోగ్రాం అయ్యాక దగ్గరికొచ్చాడు. "ఏ ఊరమ్మా మీది? ఆ యాస మా వైపుదే!"

"అద్దంకి దగ్గరేనండి."

"చూశావా వెంకటరావమ్మా! మనూరి పిల్లే!" అని వెనక్కి తిరిగి భార్యని పిలిచాడు. ఆవిడ పొట్టిగా, బొద్దుగా, పెద్ద బొట్టుతో ఉంది. నా రెండు చేతులూ పట్టుకుంది. "ఈ ఓడలో కూడు నోట్లో పెట్టలేకపోతున్నానమ్మా. చప్పిడి. నీకూ అంతేనా? ఉండు, ఊరమిరపకాయలు వేయించి తెచ్చా, ఇస్తాను" అంది. నిజంగానే తర్వాత డబ్బా పట్టుకుని మా గది వెతుక్కుంటూ వచ్చింది.

భానుశ్రీ తింది. నేను తినలేదు. తర్వాత ఒకటి తిన్నాను.

మే 22, పొద్దున

పై అంతస్తులో రెయిలింగు నా నడుము దాకా ఉంది. కింద పడవలు కట్టిన చోటు కాకుండా వెనక వైపు వెళ్తే, అడ్డం ఏమీ లేదు. తిన్నగా నీళ్ళే. అతను టిఫినయ్యాక ఆ వైపే నడుస్తాడు, ఒంటరిగా. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కదు.

ఊరికే చూశాను. ఓడెక్కాక అన్నీ చూడాలి కదా.

"అక్కా, నిన్నటి నుంచీ ఆయన్నే చూస్తున్నావ్" అంది భానుశ్రీ. దానికి అన్నయ్య సంగతి తెలీదు. నోరు మూసుకోమన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది.

మే 22, మధ్యాహ్నం

ఇది రాయకూడదేమో. అయినా రాస్తాను.

టిఫిన్ల వేళకి గాలి లేచింది. ఓడ ఊగడం మొదలుపెట్టింది. జనమంతా లోపలికి పోయారు. నేను పైకి వెళ్ళాను. అతను వెనక రెయిలింగు మీద బోర్లా వాలి వాంతి చేసుకుంటున్నాడు. సగం మనిషి అవతలే ఉన్నాడు. పసుపు టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. కాళ్ళు రెండూ పట్టుకుని ఎత్తితే చాలు. అడుగులు వేసుకుంటూ సరిగ్గా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. మెడ మీద నెరిసిన వెంట్రుకలు కనిపించాయి. చొక్కా చెమటకి అంటుకుపోయింది.

నా గాజుల చప్పుడికి, తల తిప్పకుండానే, "ఎవరూ... పట్టుకో తల్లీ, పడిపోయేటట్టున్నా" అన్నాడు.

పట్టుకున్నాను.

చొక్కా వెనకవైపు రెండు చేతులతో గుంజి పట్టుకున్నాను. వెనక్కి లాగాను. కూర్చోబెట్టాను. "నూరేళ్ళు బతుకమ్మా" అన్నాడు నన్ను. గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు.

గదికొచ్చి చేతులు సబ్బుతో కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. ఆరేళ్ళుగా కలలో ఎన్నిసార్లు చంపానో ఈ చేతులతో. తీరా చేతికి దొరికితే పట్టుకుని కాపాడాయి. పాడు చేతులు.

మే 22, సాయంత్రం

వెంకటరావమ్మ వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. నా పసుపుకుంకాలు నిలబెట్టావు తల్లీ అంది.

మే 23, ప్రోగ్రాంకి ముందు

ఈ రోజు ఆఖరి సాయంత్రం. ప్రోగ్రాం మధ్యలో డీలర్లకి బహుమతులిస్తారు. ప్రకాశం జిల్లా ఉత్తమ డీలరు అతనే. కంపెనీ మేనేజరు వచ్చి, బహుమతి ఇచ్చే ముందు డీలర్లతో చిన్న చిన్న ఆటలు ఆడించడానికి యాంకర్లాగా ఎవరైనా ఉంటే బాగుంటుందన్నాడు. భానుశ్రీ అయితే కుర్రది, చలాకీ అన్నారు మాస్టారు.

"నేను చేస్తాను" అన్నాను.

మాస్టారు కొంచెం సేపు నన్ను చూశారు. "సరదాగా ఉండాలమ్మా" అన్నారు. సరదాగానే చేస్తానన్నాను.

కాఫీ బల్ల దగ్గర గాజుగ్లాసులో నీళ్ళు పోసి, కొంచెం పాలు కలిపాను. అచ్చం అలాగే ఉంది.

చేతులతో కాని పని గొంతు చేస్తుంది. నాకున్నది గొంతే.

మే 24, పొద్దున

మేలుకునే ఉన్నాను. ఓడ సింగపూర్ రేవుకి దగ్గరవుతోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు ఇద్దరు డీలర్లని పిలిచి ఆడించాను. ఒకాయన చేత బుడగ ఊదించాను. కనిగిరి ఆయన చేత ఆయన భార్యకి పాట పాడించాను. హాలంతా నవ్వులు. తర్వాత, "ఇప్పుడు మన ఉత్తమ డీలరు, అద్దంకి వేణుగోపాల్ గారు!" అన్నాను. చప్పట్లు. పట్టుపంచె సర్దుకుంటూ వచ్చాడు. స్టేజి ఎక్కి, "నిన్న నా ప్రాణం కాపాడింది ఈ తల్లే" అని అందరికీ చెప్పాడు. ఇంకా చప్పట్లు.

స్టేజి మూలనున్న పియానో మీద పెట్టిన గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చాను.

"ఇదేంటమ్మా, పాలా?"

"మందండి. మీ షాపుదే. అద్దంకి నుంచి తెచ్చాను."

హాల్లో పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. "దీన్నేం చెయ్యమంటావ్?"

"నకిలీదని అంటున్నారండి. పురుగే చావనప్పుడు మీకేమవుతుంది? తాగి చూపించండి."

నవ్వు అతని మూతి మీదే ఆగిపోయింది. ఆ మాట అతనికి తెలుసు. ఆరేళ్ళలో మర్చిపోలేదు. ఆ మాట గుర్తుంది, నేను గుర్తులేను. గ్లాసు తిరిగి నా వైపు చాపాడు. నేను అందుకోలేదు. పియానో మీద పెట్టేశాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు మెల్లగా. నా చేతిలో మైకుంది కాబట్టి అందరికీ వినిపించింది.

"యలమందయ్య చెల్లెల్ని."

జనం ఇంకా నవ్వాలా వద్దా అని చూస్తున్నారు. అద్దంకి వైపు డీలర్లు కూర్చున్న వరసలో మాత్రం తలలు దిగిపోయాయి. వాళ్ళకి తెలుసు. మాస్టారు కీబోర్డు మీంచి చేతులు తీసేశారు. నేను అంతా చెప్పాను. పత్తి, పురుగు, షాపు, కుండ పక్కన గ్లాసు. పాట పాడినట్టే చెప్పాను, ఒక్క చోట కూడా గొంతు తడబడలేదు.

"అబద్ధం! వాడు తాగొచ్చాడు, నేను వద్దంటూనే ఉన్నా" అన్నాడు.

"ఇప్పుడు నేను తాగమంటున్నాను కదండీ. ఒక్క గుక్క. మీ మందు మీద మీకు నమ్మకం లేదా?"

అప్పుడు రెండో వరసలోంచి వెంకటరావమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కింది. నేను ఆవిడని లెక్కలోకే తీసుకోలేదు. ప్రోగ్రాం అంతా ఆలోచించుకున్నాను గానీ ఆవిడ అక్కడ కూర్చుని ఉంటుందని ఆలోచించలేదు.

"ఏవండీ, ఆ మాట అన్నారా?"

"పిచ్చి వాగుడు. నువ్వెళ్ళి కూర్చో."

"అన్నారా, లేదా?"

అతను మేనేజరు వైపు చూశాడు. ఆవిడ పియానో మీద గ్లాసు తీసుకుంది. అతని మొహంలోకి చూస్తూ ఎత్తి తాగడం మొదలుపెట్టింది.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతే. చెయ్యి లేవలేదు. వద్దు అనలేదు.

"పాలు! ఉత్తి పాలండీ అవి!" అని నేనే అరిచాను. మైకు కింద పడింది. ఈల వేసినట్టు మోత. గ్లాసు లాక్కోబోయేసరికి ఖాళీ అయిపోయింది. ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుని, "పాలే" అంది. నన్ను చూడలేదు. ఇంకా అతన్నే చూస్తోంది.

హాలు మొత్తం అతన్నే చూస్తోంది.

మేనేజరు పరిగెత్తుకొచ్చి లైట్లు వేయించాడు. అతన్ని ఎవరూ దింపలేదు. తనంతట తనే మెట్లు దిగి నడవాలోంచి వెళ్ళాడు. దారిలో ఉన్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు.

మే 24, విమానంలో

వెంకటరావమ్మ వచ్చి భానుశ్రీని లేపి నా పక్కన కూర్చుంది.

"అప్పట్లో అడిగాను ఆయన్ని" అంది. "తాగొచ్చి పడ్డాడన్నారు. నమ్మాను. ఇరవైయేళ్ళు కాపరం చేసినదాన్ని, నమ్మకేం చేస్తాను?"

"విషమనుకునే తాగారా?"

"నేనేమనుకున్నానో నాకే తెలీదమ్మా. ఆయన మాత్రం విషమే అనుకున్నాడు. అనుకుని కూడా చెయ్యి చాపలేదు. మీ అన్నకీ చాపి ఉండడు. ఇక నాకు ఎవరూ సాక్ష్యం చెప్పక్కర్లేదు."

క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు. నేను అతన్ని కొట్టబోతే దెబ్బ వచ్చి ఆవిడకి తగిలింది. ఇది తప్పని తెలుస్తూనే ఉంది. అయినా లోపల ఎక్కడో చల్లగా ఉంది. నాకోసం రాసుకుంటున్నాను కాబట్టి ఆ మాట కూడా రాస్తున్నాను.

అతను ముందు వరసల్లో ఎక్కడో కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీ.

మే 27. నల్లపాడు

మాస్టారు ఇంటికొచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆ స్టేజీ నాది కోటేశ్వరీ. నన్నడగాలి."

"అడిగితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు."

ఇక ముందు ఏ కంపెనీ తనని పిలవదన్నారు. నన్ను పెట్టుకుంటే పెళ్ళిళ్ళవాళ్ళు కూడా భయపడతారన్నారు. నిజమే. నా పాటల పుస్తకం బల్ల మీద పెట్టారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "గొంతు మాత్రం ఆ రోజు పలికినట్టు ఎప్పుడూ పలకలేదు" అని వెళ్ళిపోయారు.

జూన్ 3

మాబు వచ్చి వెళ్ళాడు. ఒంగోలులో ఇంకో ఆర్కెస్ట్రాకి చెప్పి చూస్తాడట. వద్దన్నాను. వద్దంటే వినే రకం కాదు.

వెంకటరావమ్మ కనిగిరిలో వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళిపోయిందట. మళ్ళీ రానని చెప్పిందట. మాబే చెప్పాడు.

జూన్ 11. ఊళ్ళో

వదిన దగ్గరికి వచ్చాను. వదిన రమణమ్మ మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్ళొచ్చింది. చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. ఓడ మీద జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. కనీసం ఏడుస్తుందనుకున్నాను.

"ఆవిడకేం కాలేదుగా?" అంది ముందు.

"పాలే కదా వదినా."

మజ్జిగలోంచి చేతులు తీసి కొంగుకి తుడుచుకుంది. తల ఎత్తి చూసింది. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు.

"నేను లేకుండా ఎట్టా చేశావే? వాడు వెనక్కి అడుగేశాడే, ఆ మొహం నేను చూడాలిగా. నీకు అన్న. నాకు మొగుడు. ఆరేళ్ళ నుంచి ఆ షాపు ముందు నుంచి పోవాల్సొస్తే, చుట్టూ తిరిగి ఇంకో బజారున పోతున్నా నేను. ఓడెక్కి నువ్వొక్కదానివే చూసొచ్చావా?"

మజ్జిగ గిన్నె మళ్ళీ వదిన ముందుకి జరిపాను.

"రేపు అద్దంకి పోదాం" అంది.

జూన్ 12

వదిన ఇస్త్రీ చీర కట్టుకుంది. బస్సు దిగి, తిన్నగా ఆ బజారుకే నడిచింది. నేను వెనక నడిచాను.

షాపు తెరిచే ఉంది. తొలకరి రోజులు. విత్తనాలకి రైతులొచ్చే వేళ. అయినా నలుగురే ఉన్నారు. ఓడ కబురు మా కంటే ముందే ఊరు చేరింది. అతను గల్లా ముందు కూర్చున్నాడు. గడ్డం మాసింది. మమ్మల్ని చూశాడు. వదినని గుర్తుపట్టలేదు. పక్కన నన్ను చూశాక, ఆవిడెవరో అర్థమైంది. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

వదిన మెట్టెక్కలేదు. బజారులోనే, ఎండలో, షాపుకి ఎదురుగా నిలబడింది. తిట్టలేదు. మన్ను పొయ్యలేదు. చూస్తూ నిలబడింది.

డబ్బా కొనుక్కుని బయటికొస్తున్న ముసలి రైతు ఆగాడు. "ఏం కావాలమ్మా? మందుకొచ్చారా?"

"మందుక్కాదు బాబాయ్" అంది వదిన, బజారంతా వినపడేలా. "మా ఆయన ఇక్కడే తాగాడు. తాగమన్న మనిషిని చూసి పోదామని వచ్చా."

ముసలాయన వదిన వైపు చూశాడు. లోపల అతని వైపు చూశాడు. వెనక్కెళ్ళి, డబ్బా గల్లా మీద పెట్టేసి, ఏమీ అడక్కుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు కదిలారు. అతను తల దించుకుని, గల్లా సొరుగు తెరిచి మూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. చివరికి తనే లేచి, షట్టరు సగం దాకా లాగాడు. కింద అతని కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అవి కదలడం లేదు.

ఎండ మండిపోతోంది. నాకు దాహం వేసి, పోదామా వదినా అన్నాను.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ మొహంలో కొంచెం రక్తం కనిపించింది.

"పోదాం పద" అంది. "రేపు పెందలాడే వద్దాం. పొద్దున పూట గిరాకీ ఎక్కువుంటుంది."